రాతలో ఒక తప్పు, కోతలో ఒక తప్పు: ములుగు జిల్లా బాలికలో సికిల్–బీటా తలసేమియా

2024 మార్చి మొదటి వారంలో, మేడారం జాతర ముగిసి పది రోజులు దాటిన తర్వాత, ములుగు జిల్లాలో గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి తొమ్మిదేళ్ల బాలికను తల్లి, నాయనమ్మ కలిసి హనుమకొండలోని మా పిల్లల క్లినిక్‌కు తీసుకొచ్చారు. జాతరలో తెల్లవారుజామున జంపన్న వాగులో స్నానం చేయించారట. ఆ రాత్రే పిక్కల్లో, నడుములో నొప్పి మొదలై, మర్నాటికి పిల్ల అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి, సెలైన్లు పెట్టి, ఒక యూనిట్ రక్తం ఎక్కించి పంపారు. నొప్పి తగ్గింది కానీ కళ్లు పచ్చగానే ఉన్నాయి, ఎడమ పక్క కడుపులో బరువుగా ఉందని పిల్ల తిండి మానేసింది.

బరువు 19 కిలోలు. కళ్లలో కామెర్లు స్పష్టంగా ఉన్నాయి. ప్లీహం పక్కటెముకల అంచు నుంచి అయిదు సెంటీమీటర్లు కిందికి చేతికి తగులుతోంది. జ్వరం లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు. అందులో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష అయిదేళ్ల కిందటి రిపోర్టు మీద 'హిమోగ్లోబిన్ ఎస్‌ఎస్, సికిల్ సెల్ వ్యాధి' అని రాసి ఉంది. అంటే ఎర్రకణాలను కొడవలిలా వంచే హిమోగ్లోబిన్ ఎస్ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జబ్బు. దాన్ని చూసి నేను కూడా కేసు కాగితం మొదటి వరుసలో 'ఎస్‌ఎస్' అనే రాసుకున్నాను. ఆ మాట నేను పరిశీలించి రాసింది కాదు, పాత కాగితం నుంచి ఎత్తి రాసింది. అది సరికాదని తెలియడానికి నాకు మరో పావుగంట పట్టింది, అది కూడా నా తెలివి వల్ల కాదు.

మందులు రాస్తుండగా నాయనమ్మ అడిగింది: "మేడం, గీ సికిలు తల్లికున్నదంట, మా కొడుకుకు లేదంట. రెండుసార్లు జూసిండ్రు, లేదన్నరు. మరి పిల్లకు రెండు పాళ్లు యాడికెల్లి వచ్చినయి?" ఆ ప్రశ్న ఎంత బరువైనదో ఆ గదిలో ఉన్న ముగ్గురు పెద్దలకూ అర్థమైంది. తల్లి తల ఎత్తలేదు. ఆ తర్వాత పిల్లను బరువు చూడడానికి పక్క గదిలోకి తీసుకువెళ్లినప్పుడు ఆమె చాలా మెల్లగా, "అయిదేండ్ల సంది గిదే మాట మేడం. నేనే తప్పు జెయ్యలే" అంది. 'ఈ జబ్బు రావాలంటే తల్లిదండ్రులిద్దరిలోనూ సికిల్ ఉండాలి' అని ఎవరో ఆ ఇంట్లో చెప్పి వెళ్లారు. ఆ వాక్యం ఎస్‌ఎస్ వ్యాధి విషయంలో నిజమే. కానీ ఈ పిల్లకు ఉన్నది ఎస్‌ఎస్ అవునా కాదా అని చూసినవాళ్లు లేరు.

పాత కాగితాల్లో ఉన్నది, చదవనిది

సంచిలోని కాగితాలన్నీ బల్ల మీద పరిచి మళ్లీ చదివాను. రక్తం ఎక్కించకముందు తీసిన రక్తకణాల కౌంటు ఒక చిన్న చీటీ మీద ఉంది: హిమోగ్లోబిన్ 6.4 గ్రాములు, ఎర్రకణాలు 31 లక్షలు, కణం సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 66. అసలు సూచన ఈ చివరి అంకెలో ఉంది. మామూలు ఎస్‌ఎస్ వ్యాధిలో ఎర్రకణాలు సంఖ్యలో తగ్గుతాయి, ఆకారం చెడతాయి, కానీ పరిమాణంలో ఇంత చిన్నవి కావు. ఎర్రకణం చిన్నదిగా తయారైందంటే దానిలోకి చేరాల్సిన హిమోగ్లోబిన్ చాలినంత తయారు కాలేదని అర్థం. అందుకు ఇనుము లోపం కారణం కావచ్చు, హిమోగ్లోబిన్ గొలుసులు తక్కువగా తయారయ్యే తలసేమియా అనే వంశపారంపర్య లోపం కారణం కావచ్చు. ఎస్‌ఎస్‌తో పాటు ఆల్ఫా తలసేమియా కలిసి ఉన్నా ఇలాగే కనిపిస్తుంది, మన గిరిజన ప్రాంతాల్లో ఆ కలయిక అరుదు కాదు. ప్లీహం తొమ్మిదేళ్లకు కూడా పెద్దదిగా ఉండడం మరో సూచన అనుకోవచ్చు, ఎందుకంటే ఎస్‌ఎస్ పిల్లల్లో చాలామందికి అయిదారేళ్లు వచ్చేసరికి ప్లీహం మచ్చకట్టి కుంచించుకుపోతుంది. అయితే భారతదేశపు సికిల్ రోగుల్లో పిండ హిమోగ్లోబిన్, అంటే పుట్టకముందు ఉండే రకం, ఎక్కువగా ఉండడం వల్ల ప్లీహం పెద్దయ్యాక కూడా మిగిలే సందర్భాలు చాలా ఉన్నాయి కనుక, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఏదీ తేల్చకూడదు.

రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో గీతగా చూపే పరీక్ష హెచ్‌పీఎల్‌సీ. అప్పటికప్పుడు పిల్లకు అది చేస్తే ప్రయోజనం లేదు. ఎక్కించిన రక్తంలోని దాత ఎర్రకణాలు దాదాపు 120 రోజుల దాకా బతికి ఉంటాయి, వాటిలోని మామూలు హిమోగ్లోబిన్, అంటే హిమోగ్లోబిన్ ఎ, మన లెక్కలో కలిసిపోతుంది. సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. నేను నాలుగు నెలలు దాటేదాకా ఆగుదామన్నాను, ఎందుకంటే నేను వెతుకుతున్నది పిల్ల సొంతంగా తయారు చేసుకున్న హిమోగ్లోబిన్ ఎ, నాలుగైదు శాతం మాత్రమే ఉండే ఒక చిన్న గీత. దాత కణాలు కొన్ని మిగిలి ఉన్నా ఆ గీతను నమ్మలేం. కానీ తల్లిదండ్రుల రక్తం చూడడానికి ఆగనవసరం లేదు. వారం తిరక్కముందే తండ్రిని వెంటబెట్టుకుని రమ్మన్నాను.

తండ్రి మిర్చి, పత్తి పండించే రైతు, చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఆయన సికిలింగ్ పరీక్ష మళ్లీ చేయించాను, మూడోసారీ లేదనే వచ్చింది. హిమోగ్లోబిన్ 13.1. ఇక్కడి దాకా చూసి ఎవరైనా 'రక్తం బాగుంది' అంటారు. కానీ ఎర్రకణాల సంఖ్య 62 లక్షలు, ఎంసీవీ 64. మామూలు కన్నా ఎక్కువ కణాలు, మామూలు కన్నా చాలా చిన్న కణాలు. హెచ్‌పీఎల్‌సీలో ఎ2 అనే మరో రకం హిమోగ్లోబిన్ 5.3 శాతం వచ్చింది, మామూలుగా అది మూడున్నర దాటకూడదు. ఆయన బీటా తలసేమియా వాహకుడు, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి తాను జబ్బు పడని మనిషి. తల్లి కాగితంలో హిమోగ్లోబిన్ ఎస్ 38 శాతం, ఎంసీవీ 84. ఆమె సికిల్ వాహకురాలు, ఆమెలో ఆల్ఫా తలసేమియా సూచన లేదు.

సికిలింగ్ పరీక్ష ఒక్క ప్రశ్ననే అడుగుతుంది: ఎస్ అనే మారిన హిమోగ్లోబిన్ ఉందా, లేదా. తలసేమియా వాహకుడి రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్ మామూలుదే, కాస్త తక్కువ తయారవుతుంది, అంతే. కనుక ఆ పరీక్ష అతణ్ని ఎన్నిసార్లు చూసినా లేదనే చెబుతుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. ఆ ఇంటికి అవసరమైన ప్రశ్న వేరు.

జన్యువు నుంచి ప్రొటీన్ దాకా ఉన్న దారి

ఈ ఇద్దరి లోపాలూ ఒకే జన్యువులో ఉన్నాయి. అయినా ఒకటి సికిల్‌గా, మరొకటి తలసేమియాగా ఎందుకు బయటపడుతుందో తెలియాలంటే జన్యువు ప్రొటీన్‌గా మారే దారిని మెట్టు మెట్టుగా చూడాలి.

పెద్దవారి హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఆల్ఫా జన్యువులు 16వ క్రోమోజోమ్ మీద, బీటా జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. బీటా జన్యువు పొడవు సుమారు 1,600 డీఎన్‌ఏ అక్షరాలు. కానీ తయారయ్యే బీటా గొలుసులో ఉండేవి 146 అమైనో ఆమ్లాలే. ఒక్కో అమైనో ఆమ్లానికి మూడు అక్షరాల చొప్పున లెక్క వేస్తే 438 అక్షరాలు చాలు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం రెండు ఇంట్రాన్లు: మొదటిది 130 అక్షరాలది, రెండోది 850 అక్షరాలది. ఎముక మజ్జలో ఎర్రకణంగా ఎదుగుతున్న కణం కేంద్రకంలో ఈ జన్యువు మొత్తం, ఇంట్రాన్లతో సహా, ముందు ఆర్‌ఎన్‌ఏ నకలుగా రాయబడుతుంది. ఆ తర్వాత స్ప్లైసింగ్ అనే పనిలో ఇంట్రాన్లు కత్తిరించబడి, మిగిలిన మూడు ముక్కలు, అంటే ఎక్సాన్లు, వరసగా అతకబడతాయి. అలా సిద్ధమైన దూత ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి వస్తే, రైబోజోమ్‌లు దాని మీద కూర్చుని మూడు మూడు అక్షరాల చొప్పున చదువుతూ అమైనో ఆమ్లాలను గుచ్చుకుంటూ పోతాయి. జన్యువుల్లో ఇలా మధ్య మధ్య తీసివేయాల్సిన భాగాలుంటాయని 1977లో బయటపడింది. ఆ పనికి ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ 1993లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

తల్లి నుంచి వచ్చిన లోపం ఆరవ అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల్లో ఉంది. జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ ఉంది. దానివల్ల గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ చేరుతుంది. నకలు సరిగానే తయారవుతుంది, కోత సరిగానే పడుతుంది, రైబోజోమ్ తన పని తాను నమ్మకంగా చేస్తుంది, గొలుసు కావలసినంత తయారవుతుంది. తయారైన ఆ గొలుసుకు ఆక్సిజన్ వదిలిన తర్వాత పక్క గొలుసుతో అతుక్కుని పోగులుగా పెరిగే గుణం వస్తుంది, అదే వ్యాధి. ఇది ఒక ప్రొటీన్ అణువులో ఉన్న వ్యాధి అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది, కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రమ్ ఆ ఒక్క అమైనో ఆమ్లం మార్పును గుర్తించాడు. మన దేశంలో ఈ హిమోగ్లోబిన్‌ను మొదట వర్ణించింది 1952లో, నీలగిరి కొండల గిరిజనుల్లో.

తండ్రి నుంచి వచ్చినది వేరే రకం. మన దేశపు బీటా తలసేమియాలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే లోపం మొదటి ఇంట్రాన్‌లోని అయిదో అక్షరంలో ఉంటుంది: జీ ఉండాల్సిన చోట సీ. రిపోర్టుల్లో దీన్ని ఐవీఎస్ 1–5 అని రాస్తారు. ఈ అక్షరం ప్రొటీన్‌లోకి చేరే అక్షరం కాదు, కత్తిరించి పారేసే ముక్కలోది. మరి నష్టం ఎలా? ఎక్సాన్ ముగిసి ఇంట్రాన్ మొదలయ్యే చోటు, 'ఇక్కడ కోయాలి' అని చెప్పే గుర్తు. కోసే యంత్రాంగంలోని యూ1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఆ గుర్తు అక్షరాలతో జతకట్టి చోటును పట్టుకుంటుంది. అయిదో అక్షరం మారితే ఆ జత వదులవుతుంది. అప్పుడు యంత్రాంగం దగ్గరలో అలాంటి గుర్తులాగే కనిపించే వేరే చోట్లను పట్టుకుంటుంది. అలాంటివి మూడు ఉన్నాయి: అసలు కోత చోటుకు 16 అక్షరాల ముందు ఒకటి, 38 అక్షరాల ముందు ఒకటి, 13 అక్షరాల తర్వాత ఒకటి. 16, 38, 13 — వీటిలో ఏదీ మూడుతో భాగించబడదు. రైబోజోమ్ చదివేది మూడేసి అక్షరాలుగా కనుక, ఆ మూడు కోతల్లో ఏది పడినా అక్కడి నుంచి చదువు వరస తప్పిపోతుంది, కొంత దూరం పోయాక 'ఆగు' అనే అర్థం వచ్చే మూడక్షరాలు అకాలంగా ఎదురవుతాయి. ఇలా ముందుగానే ఆగిపోయే ఆర్‌ఎన్‌ఏను కణం గుర్తించి ధ్వంసం చేస్తుంది. నేను వైద్య విద్యార్థినిగా ఉన్నప్పుడు ఈ మూడు అంకెలను కాగితం మీద వేసుకుని భాగించి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా 'తలసేమియా' అన్నది నాకు ఒక పేరు మాత్రమే.

పాత చోటు పూర్తిగా మూతపడదు. యంత్రాంగం కొన్నిసార్లు మారిన గుర్తును కూడా పట్టుకుని సరైన చోటే కోస్తుంది. అలా సరిగా కోసిన కొద్ది నకళ్ల నుంచి అచ్చంగా మామూలు బీటా గొలుసు తయారవుతుంది. అందుకే దీన్ని బీటా ప్లస్ తలసేమియా అంటారు. ఈ పిల్లలో నేను వెతుకుతున్న చిన్న హిమోగ్లోబిన్ ఎ గీత, తండ్రి జన్యువు తప్పిపోయి కూడా అప్పుడప్పుడూ సరిగా పని చేసిన దాని ఫలం.

సూక్ష్మదర్శిని దగ్గర

తండ్రికి ఇదంతా ఎలా చెప్పాలో ఆలోచించాను. ఆయనకు భూమి కాగితాల విషయం బాగా తెలుసు. అసలు రికార్డు మండల ఆఫీసు దాటదు, మన చేతికి వచ్చేది పహాణీ నకలు, పని నడిచేది నకలుతోనే అని మొదలుపెట్టాను. కేంద్రకంలో ఉన్న డీఎన్‌ఏ అసలు రికార్డు, ఆర్‌ఎన్‌ఏ నకలు. నకలులో అక్కరలేని పేజీలు కూడా వస్తాయి, వాటిని చింపి మిగిలినవి కలిపి కుట్టాలి అని చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, "అంటే అసలు కాయితం మంచిగనే ఉన్నది, కుట్టేకాడ ఖరాబైతున్నదా మేడం?" అన్నారు. దాదాపు సరిగ్గా పట్టుకున్నారు. అసలులోనే ఒక అక్షరం మారింది, కానీ అది పొలం వివరాలున్న పేజీలో కాదు, 'ఇక్కడ చింపాలి' అని గుర్తు పెట్టిన చోట, అన్నాను. మీ భార్య వైపు నుంచి వచ్చింది రాతలో తప్పు, మీ వైపు నుంచి వచ్చింది కోతలో తప్పు, రెండూ వేరు వేరు, పిల్లకు చెరొకటి చేరాయి, అన్నాను. నాయనమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె కోసమే కొంచెం గట్టిగా చెప్పాను.

ఆ రోజు పిల్ల రక్తాన్ని న్యూ మిథిలీన్ బ్లూ రంగుతో కలిపి రెటిక్యులోసైట్ల, అంటే లేత ఎర్రకణాల, లెక్క చూస్తున్నాం. ఈ స్లైడు తయారీ పాత పద్ధతి, రెండు చుక్కల రక్తం, రెండు చుక్కల రంగు, పది నిమిషాల పాటు వెచ్చగా ఉంచడం. యంత్రం ఇచ్చే అంకె ఉన్నా మా ల్యాబ్‌లో ఈ పద్ధతి మానలేదు. వంద రెట్ల ఆయిల్ కటకం కింద లేత కణాల్లో ముదురు నీలి పోగులు, చిన్న చిన్న ముడులుగా, సాలెగూడు చివరలాగా కనిపిస్తాయి. ఆ నీలి పోగులు రైబోజోమ్‌లు, వాటి మీద ఉన్న ఆర్‌ఎన్‌ఏ. ఎర్రకణం ఎదిగే దారిలో కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అసలు రికార్డు ఇక ఆ కణంలో ఉండదు. కానీ అంతకుముందే బయటికి వచ్చిన నకళ్లతో మరో రెండు మూడు రోజులు హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది, కణంలోని మొత్తం హిమోగ్లోబిన్‌లో మూడో వంతు దాకా ఈ దశలోనే తయారవుతుంది. తండ్రి, తల్లి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కంటి గొట్టంలోకి చూశారు. తల్లి చాలాసేపు చూసింది. ప్రొటీన్ తయారవుతున్న చోటును మామూలు సూక్ష్మదర్శినిలో, పది నిమిషాల్లో, ఒక తల్లికి చూపించగల సందర్భం వైద్యంలో నాకు తెలిసి ఇదొక్కటే.

ఆమె అడిగిన ప్రశ్న కూడా ఇక్కడ రాయాలి: ఎర్రకణంలో ఆ అసలు కాగితమే లేకపోతే రక్తం తీసి జన్యువును ఎట్లా చూస్తారని. జన్యు పరీక్షకు డీఎన్‌ఏ వచ్చేది తెల్లకణాల నుంచి. ఆ కణాలు జీవితంలో ఒక్క హిమోగ్లోబిన్ అణువును కూడా తయారు చేయవు. అయినా బీటా జన్యువు వాటిలో పూర్తిగా ఉంటుంది, చదవకుండా మూసి ఉంటుంది. శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉన్నాయి, ఏ కణం ఏ జన్యువును తెరిచి చదువుతుందన్నదే దాన్ని చర్మంగా, కాలేయంగా, ఎర్రకణంగా చేస్తుంది.

నిర్ధారణ

జులై రెండో వారంలో, రక్తం ఎక్కించి నాలుగున్నర నెలలు అయ్యాక, పిల్లకు హెచ్‌పీఎల్‌సీ చేయించాం. హిమోగ్లోబిన్ 7.6, ఎంసీవీ 65. ఒంట్లోని ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువ లేదు కనుక ఇనుము లోపం పక్కకు పోయింది. ఎస్ 71 శాతం, పిండ హిమోగ్లోబిన్ ఎఫ్ 18 శాతం, ఎ2 5.6 శాతం, ఎ 4.2 శాతం.

ఆ 4.2 శాతాన్ని చూసి నిర్ధారణ అయిపోయిందని రాయడానికి నాకు మనసొప్పలేదు. చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ ఎస్ కొంత ఈ యంత్రంలో ఎ వచ్చే సమయానికే బయటికి వస్తుంది, కనుక అచ్చమైన ఎస్‌ఎస్ పిల్లల్లో కూడా ఒక చిన్న ఎ గీత కనిపించి మోసం చేయగలదు. ఎస్ సమక్షంలో ఎ2 అంకెను కూడా పూర్తిగా నమ్మలేం. తండ్రి రిపోర్టు పక్కన ఉండబట్టి తొంభై పాళ్లు తేలినట్టే. కానీ ఈ ఇంట్లో తేలాల్సింది జబ్బు పేరు ఒక్కటే కాదు కనుక ముగ్గురి రక్తాన్నీ బీటా జన్యు పరీక్షకు పంపాం. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది: తల్లిలో ఆరవ కోడాన్, అంటే ఆరవ మూడక్షరాల, మార్పు, తండ్రిలో ఐవీఎస్ 1–5 జీ నుంచి సీ, పిల్లలో రెండూ. పిల్లకు ఉన్నది ఎస్‌ఎస్ కాదు, సికిల్–బీటా తలసేమియా.

ఆ రిపోర్టును నాయనమ్మ ముందు చదివి వినిపించేటప్పుడు ఒక మాట జాగ్రత్తగా చెప్పాను. ఇది తండ్రి ఎవరో తేల్చే పరీక్ష కాదు, మేము అది అడగలేదు, చేయలేదు. కానీ ఇన్నేళ్ల అనుమానానికి ఆధారమని చూపిన కారణం ఒక్కటే, 'కొడుకులో సికిల్ లేదు' అన్నది, ఆ కారణమే ఇప్పుడు లేకుండా పోయింది. కొడుకు వైపు నుంచి రావాల్సింది సికిల్ కాదు, వచ్చింది కూడా సికిల్ కాదు. ఆమె ఏమీ అనలేదు. పోయేటప్పుడు కోడలి చేతిలోని సంచి తాను తీసుకుంది.

చికిత్స, ఏడాది గమనం

చికిత్సలో కూడా మేము చేసేది జన్యువుల తెరవడం, మూయడంతో ముడిపడిన పనే. పుట్టకముందు బిడ్డ రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్‌లో బీటా బదులు గామా గొలుసులుంటాయి. గామా జన్యువులు బీటాకు పొరుగునే, 11వ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి. పుట్టాక కొన్ని నెలల్లో బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ వాటిని మూసివేస్తుంది, బీటా పైకి వస్తుంది. సికిల్ బిడ్డలకు మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడవడానికి కారణం ఇదే: చెడ్డ జన్యువు ఇంకా పని మొదలుపెట్టలేదు, మంచి జన్యువు ఇంకా పని మానలేదు. గామా గొలుసు ఉన్న అణువు ఎస్ పోగుల్లో చేరదు, పోగు పెరగకుండా అడ్డుపడుతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర కొంతమేరకు గామాను మళ్లీ తెరిపిస్తుంది. అమెరికా ఔషధ సంస్థ దీన్ని పెద్దవారి సికిల్ వ్యాధికి 1998లో, పిల్లలకు 2017లో అనుమతించింది. బీసీఎల్11ఏ జన్యువును రక్తం తయారుచేసే మూలకణాల్లోనే సవరించే జన్యు చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు అనుమతి ఇచ్చాయి, కానీ దాని ఖరీదు మన పిల్లల అందుబాటులో లేదు.

ఆగస్టులో రోజుకు 250 మిల్లీగ్రాములతో, అంటే కిలోకు సుమారు 13 మిల్లీగ్రాముల లెక్కన, మొదలుపెట్టాం. ఫోలిక్ యాసిడ్ కొనసాగించాం, న్యూమోకాకస్ టీకా ఇచ్చాం. కౌంటు ముందు రెండు వారాలకు, తర్వాత నెలనెలా. నవంబరులో ఒక వైరల్ జ్వరం తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1,100కు పడిపోయాయి. మాత్ర ఆపి, పది రోజులకు కోలుకున్నాక అదే మోతాదులో మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు తండ్రి మందు పూర్తిగా మానేద్దామన్నారు. ఊళ్లో ఎవరో 'అది క్యాన్సర్ మందు' అన్నారట. అది కొన్ని క్యాన్సర్లలో వాడే మందేనని, అక్కడి అవసరం వేరు, మోతాదు వేరు అని దాచకుండా చెప్పాను. మా స్లైడు ఆయన చూసి ఉండడం ఆ సంభాషణలో నాకు చాలా సాయపడింది. "మూసిన జన్యువును తెరిచే మందు" అని నేను అనకముందే ఆయనే అన్నారు.

2025 ఏప్రిల్ నాటికి హిమోగ్లోబిన్ 8.9, ఎఫ్ 27 శాతం, ఎంసీవీ 74. ప్లీహం మూడు సెంటీమీటర్లకు తగ్గింది. ఎనిమిది నెలల్లో ఒక్కసారే నొప్పి వచ్చింది, ఇంట్లోనే పారాసిటమాల్‌తో, నీళ్లు ఎక్కువగా తాగించడంతో తగ్గింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. బరువు 22 కిలోలు. చలి నీళ్లలో ముంచవద్దని, జాతరకు వెళ్లినా నెత్తిన కాసిని నీళ్లు చల్లుకుంటే చాలని చెప్పాం. ఆ మాటను ఇంట్లో అందరికన్నా గట్టిగా పట్టించుకుంటున్నది నాయనమ్మ.

నాలుగేళ్ల తమ్ముడికి తండ్రి నుంచి వచ్చిన తలసేమియా జన్యువు ఒక్కటే ఉంది, తండ్రిలాగే వాహకుడు. అతనికి మందు అక్కరలేదు, పెళ్లినాటికి ఆ కాగితం దగ్గరుండాలి. తల్లిదండ్రులు మరో బిడ్డ కావాలనుకుంటే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక పాలు ఇదే జబ్బు వచ్చే అవకాశం ఉందని, గర్భం నిలిచిన పది, పన్నెండు వారాల మధ్య పరీక్ష చేసి తెలుసుకోవచ్చని ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పాను.

ఈ కేసులో నన్ను ఇప్పటికీ వదలని విషయం ముందస్తు పరీక్షల తీరు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. అది చాలా అవసరమైన పని, దానివల్ల మా దగ్గరికి పిల్లలు చిన్న వయసులోనే వస్తున్నారు. కానీ సికిలింగ్ లేదని వచ్చిన కాగితాన్ని 'హిమోగ్లోబిన్ లోపాలేవీ లేవు' అని ఎవరూ చదవకూడదు. భార్యాభర్తల్లో ఒకరు సికిల్ వాహకులైనప్పుడు రెండోవారికి కౌంటులో ఎంసీవీ చూడడం, అది 80 కన్నా తక్కువగా ఉంటే ఎ2 చూడడం తప్పనిసరి. కౌంటుకు అయ్యేది చాలా చిన్న ఖర్చు. పిల్ల కౌంటు చీటీ మీద 66 అన్న అంకె స్పష్టంగా అచ్చయి ఉంది, తండ్రికి కూడా ఆ చీటీ ఒక్కటి తీయించి ఉంటే ఆ తల్లి అయిదేళ్లు ఆ మాట పడేది కాదు.

తండ్రి చెల్లెలికి ఇరవై ఏళ్లు. రక్తం తక్కువని పదో తరగతి నుంచి ఇనుము మాత్రలు వాడుతోంది, అయినా కౌంటు మారలేదు. ఆమెనూ పిలిపించి చూశాం: ఎంసీవీ 63, ఫెరిటిన్ మామూలు, ఎ2 5.1 శాతం. అన్నలాగే వాహకురాలు, ఇనుము మాత్రలు ఆపించాం. ఏటూరునాగారం వైపు నుంచి సంబంధం వచ్చిందని, అబ్బాయికి క్యాంపులో సికిలింగ్ చూశారు, లేదన్నారని వదిన చెప్పింది. కౌంటు, హెచ్‌పీఎల్‌సీ కూడా చూపించమని చెప్పింది కూడా ఆమేనట. వచ్చే నెల మొదట్లో అబ్బాయిని తీసుకుని వస్తామన్నారు.